రీయూనియన్ తీరానికి కొట్టుకొచ్చిన రెక్క ముక్క

ప్రపంచ పటం తెరిచి హిందూ మహాసముద్రం పడమటి వైపున మారిషస్‌ను పట్టుకోండి. పంతొమ్మిదో శతాబ్దంలో చెరకు తోటల పనికి మన తెలుగువాళ్లను కూడా ఓడలెక్కించి తీసుకుపోయిన దీవి అది. దానికి నైరుతి దిక్కున సుమారు 200 కి.మీ. దూరంలో రీయూనియన్ అనే మరో దీవి కనిపిస్తుంది. ఆఫ్రికా ఖండం పక్కన ఉన్నా ఇది ఫ్రాన్స్ దేశపు భూభాగం. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

2015 జూలై 29న ఈ దీవి తూర్పు తీరాన సెయింట్ ఆంద్రే అనే ఊరి దగ్గర సముద్రపుటొడ్డును శుభ్రం చేసే పనివాళ్లకు ఒక పెద్ద పలక కనిపించింది. పొడవు సుమారు రెండు మీటర్లు. అంచులు విరిగి, చిరిగి ఉన్నాయి. రెండు వైపులా గుల్లజీవులు గుత్తులు గుత్తులుగా పట్టుకుని ఉన్నాయి. అది విమానం రెక్కలోని ముక్క అని పోల్చుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏ విమానం అన్నదే ప్రశ్న.

ఆ ముక్క పేరు ఫ్లాపెరాన్. దీనికి తెలుగు మాట కోసం నేను చాలా తంటాలు పడ్డాను, కుదరలేదు. విమానం దిగేటప్పుడు రెక్క వెనక కిందికి వాలే పలకలను ఫ్లాప్‌లంటారు. విమానాన్ని పక్కకు ఒరిగించే పలకలను ఎయిలెరాన్‌లంటారు. ఈ రెండు పనులూ చేసే పలక కనుక రెండు పేర్లూ కలిపి ఫ్లాపెరాన్ అన్నారు. పైకి లోహంలా కనిపించినా ఇది లోహం కాదు. లోపల తేనెపట్టులాంటి గదులున్న తేలికపాటి పదార్థం, దానికి రెండు వైపులా కార్బన్ పోగులతో చేసిన రేకులు. అందుకే నీటిలో తేలుతుంది.

దాని మీద 657 బిబి అన్న అక్షరాలు అచ్చు వేసి ఉన్నాయి. బోయింగ్ 777 విమానాల మరమ్మతు పుస్తకాల్లో ఇది కుడి రెక్క ఫ్లాపెరాన్‌కు సంబంధించిన గుర్తు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద సముద్రంలో పోయిన బోయింగ్ 777 ఒకటే ఒకటి. పాఠకులకు గుర్తుండే ఉంటుంది: మలేసియా ఎయిర్‌లైన్స్ వారి ఎంహెచ్ 370.

శకలం కన్నా ముందే వచ్చిన ప్రకటన

2014 మార్చి 8 అర్ధరాత్రి దాటాక ఈ విమానం 239 మందితో కౌలాలంపూర్ నుంచి బీజింగ్‌కు బయలుదేరింది. ప్రయాణికుల్లో సగానికి పైగా చైనీయులు. ఐదుగురు భారతీయులు, నలుగురు ఫ్రెంచివారు కూడా ఉన్నారు. తెల్లవారుజామున 1 గంట 21 నిమిషాలకు అది పౌర విమానయాన రాడార్ తెర మీద నుంచి మాయమైంది. వెనక్కు తిరిగి మలేసియా భూభాగం మీదుగా అండమాన్ సముద్రం వైపు వెళ్లినట్లు సైనిక రాడార్ రికార్డులు చూపాయి. 2 గంటల 22 నిమిషాల తరువాత ఆ జాడా లేదు. హిందూ మహాసముద్రం పైన ఉన్న ఇన్‌మార్శాట్ ఉపగ్రహంతో విమానంలోని యంత్రం గంటకొకసారి చొప్పున మాత్రం పలకరింపులు జరుపుతూ వచ్చింది. చివరిది ఉదయం 8 గంటల 19 నిమిషాలకు.

ఆ పలకరింపుల్లో విమానం ఎక్కడుందో చెప్పే సమాచారం లేదు. సంకేతం వెళ్లి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి ఉపగ్రహానికి అది ఎంత దూరంలో ఉందో లెక్క కట్టారు. ఆ దూరాన్ని భూగోళం మీద గీస్తే పెద్ద చాపం వస్తుంది. సంకేతం పౌనఃపున్యంలో వచ్చిన తేడాలను బట్టి విమానం ఉత్తరానికి కాదు, దక్షిణానికి వెళ్లిందని తేల్చారు. రైలు దగ్గరకు వస్తున్నప్పుడు, దూరమవుతున్నప్పుడు కూత మారుతుందే, ఆ డాప్లర్ సూత్రమే ఇది.

ఈ లెక్కను ఆధారం చేసుకుని 2014 మార్చి 24న మలేసియా ప్రధాని నజీబ్ రజాక్, విమాన ప్రయాణం దక్షిణ హిందూ మహాసముద్రంలో ముగిసిందని ప్రకటించారు. ఆ రోజుకు ఒక్క శకలం దొరకలేదు. ఒక్క కుర్చీ, ఒక్క దిండు, ఒక్క చొక్కా గుండీ దొరకలేదు. 2015 జనవరి 29న అందరూ చనిపోయినట్లే పరిగణించాలని చట్టపరమైన ప్రకటన కూడా వచ్చింది. అప్పటికీ ఏమీ దొరకలేదు. లెక్క సరైనదే కావచ్చు. నా ఉద్దేశంలో సరైనదే. కానీ తండ్రిని, కూతురిని పోగొట్టుకున్న మనిషిని సంకేతం పౌనఃపున్యం చూసి నమ్మమంటే ఎలా నమ్ముతాడు?

ఈలోగా దొంగ జాడలు ఎన్నో వచ్చాయి. 2014 మార్చిలో చైనా, ఆస్ట్రేలియా, థాయిలాండ్ ఉపగ్రహ చిత్రాల్లో నీటి మీద తేలుతున్న వస్తువులు కనిపించాయన్నారు. అవేవీ విమానానివి కావు. సముద్రంలో మనం ఎంత చెత్త పోశామో లోకానికి తెలియడమే వాటివల్ల కలిగిన లాభం. ఏప్రిల్‌లో ఒక సంస్థ బంగాళాఖాతం అడుగున విమానం ఉందన్నది. బంగ్లాదేశ్ నౌకాదళం వెళ్లి చూస్తే ఏమీ లేదు. ఫ్లాపెరాన్ దొరికాక రీయూనియన్ జనం ఒడ్డుకొచ్చిన ప్రతి వస్తువునూ పోలీసులకు తెచ్చి ఇచ్చారు. విమానం తలుపని చెప్పుకున్న ఒక లోహపు వస్తువు ఇళ్లలో వాడే నిచ్చెన ముక్కగా తేలింది. 2016 జనవరిలో థాయిలాండ్ తీరానికి వచ్చిన వంపు తిరిగిన పెద్ద రేకు జపాన్ రాకెట్‌దై ఉండవచ్చని తేలింది. ఒడ్డుకొచ్చినదల్లా విమానానిది కాదని దర్యాప్తు చేసినవాళ్లకు బాగా తెలుసు. మరి ఇది మాత్రం ఆ విమానానిదే అని ఎలా చెప్పారు?

రెండు ప్రకటనలు, రెండు మాటలు

ఫ్రాన్స్ భూభాగంలో దొరికింది, చనిపోయినవారిలో ఫ్రెంచివాళ్లున్నారు. కనుక ఆ ముక్క ఫ్రాన్స్ న్యాయవ్యవస్థ అధీనంలోకి వెళ్లింది. టూలూజ్ నగరం దగ్గర ఉన్న రక్షణశాఖ ప్రయోగశాలకు దాన్ని చేర్చారు. 2015 ఆగస్టు 5న మలేసియా ప్రధాని, అది ఎంహెచ్ 370 ముక్కేనని తిరుగులేకుండా నిర్ధారణ అయిందన్నారు. అదే రోజు పారిస్‌లో న్యాయాధికారి, అదేనని అనుకోవడానికి చాలా బలమైన కారణాలున్నాయి అని మాత్రమే అన్నారు.

తర్జుమా పని చేసేవాడికి ఈ రెండు మాటల మధ్య దూరం ఎంతో తెలుసు. మొదటిది తీర్పు. రెండోది తీర్పు ఇవ్వడానికి ఇంకా ఒక కాగితం తక్కువైందని చెప్పడం. మర్నాడు మలేసియా రవాణామంత్రి, రీయూనియన్‌లో కుర్చీ దిండ్లు, కిటికీ అద్దాలు కూడా దొరికాయన్నారు. అటువంటివేవీ తమ దృష్టికి రాలేదని ఫ్రెంచి అధికారులు అన్నారు. బీజింగ్‌లో బంధువులు విమాన సంస్థ కార్యాలయం ముందు చేరి, మేము నమ్మమన్నారు. ఆ ఆగస్టులో వాళ్లు నమ్మకపోవడంలో తప్పేముంది?

ఆ తక్కువైన కాగితం సెప్టెంబరు 3న వచ్చింది. ఫ్లాపెరాన్‌కు అతికించి ఉండవలసిన గుర్తింపు పలక లేదు. అది ఉండే చోటు ఖాళీగా ఉంది. ఈ ఖాళీయే పెద్ద అనుమానానికి మూలమైంది. ఫ్రెంచి పాత్రికేయురాలు ఫ్లారెన్స్ ద షాంజీ వంటివారు ఈ పలక సంగతి గట్టిగా అడిగారు. వాడకం నుంచి తీసేసిన పాత విమానం ముక్క కాదు కదా అన్నది వాళ్ల సందేహం. దర్యాప్తుదారులు కడుపులోకి గొట్టం వేసి చూసే ఎండోస్కోప్ లాంటి పరికరాన్ని ముక్క లోపలికి పంపి చూశారు. లోపలి భాగాల మీద అంకెలు కనిపించాయి. బోయింగ్ కోసం ఆ భాగాన్ని తయారు చేసినది స్పెయిన్‌లోని ఒక కర్మాగారం. అక్కడి సాంకేతిక నిపుణుడు రికార్డులు చూసి, ఆ అంకెల్లో ఒకటి ఎంహెచ్ 370కి అమర్చిన ఫ్లాపెరాన్ వరుస సంఖ్యేనని ధ్రువీకరించాడు. అప్పుడు గాని పారిస్ న్యాయాధికారి నిశ్చయంగా చెప్పవచ్చు అనలేదు.

657 బిబికి, ఈ అంకెకు ఉన్న తేడా గమనించండి. మొదటిది అది ఏ రకం విమానమో చెబుతుంది. రెండోది ఏ విమానమో చెబుతుంది. బస్సు అశోక్ లేలాండ్‌ది అని తెలియడం వేరు, దాని ఛాసిస్ నంబరు తెలియడం వేరు. 2014 జూలై 17న ఉక్రెయిన్ మీద కూలిన విమానం కూడా అదే సంస్థది, అదే బోయింగ్ 777. ఈ రెంటినీ ముడిపెట్టి కథలల్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఛాసిస్ నంబరు దగ్గర ఆ కథ ఆగిపోతుంది.

స్పెయిన్ కాగితం ఒక్కటే ఉంటే అనుమానించేవారికి కొంత చోటుండేది. కానీ 2016 జూన్‌లో టాంజానియాకు చెందిన పెంబా దీవిలో కుడి రెక్క బయటి ఫ్లాప్ ముక్క దొరికింది. దాన్ని పరిశీలించింది ఫ్రాన్స్ కాదు, ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ. ఒక భాగం మీద 2002 జనవరి 23 అన్న తయారీ తేదీ ఉంది. తయారు చేసిన ఇటలీ కర్మాగారం లెక్కల ప్రకారం ఆ సంఖ్యలున్న ఫ్లాప్ బోయింగ్‌వారి 404వ 777 విమానానికి వెళ్లింది. ఆ 404వ విమానమే 2002 మే 31న మలేసియా ఎయిర్‌లైన్స్‌కు అందింది, తరువాత ఎంహెచ్ 370గా మాయమైంది. 2016 మేలో మారిషస్‌లో దొరికిన ఎడమ రెక్క ఫ్లాప్ ముక్క కూడా ఇలాగే అంకెలతో తేలింది. ఇక మొజాంబిక్‌లో దొరికిన రెండు పలకల మీద ఉన్న అక్షరాల మలుపు బోయింగ్ వేసే అక్షరాలతో కలవలేదు. మలేసియా ఎయిర్‌లైన్స్ తమ విమానాలకు మళ్లీ రంగు వేసినప్పుడు వాడే అచ్చులతో కలిసింది. స్పెయిన్‌లో ఒక గుమస్తా, ఇటలీలో మరో గుమస్తా, మలేసియాలో రంగు వేసే పనివాడు, వీళ్లంతా ఏళ్ల ముందే కూడబలుక్కుంటే తప్ప ఇన్ని అబద్ధాలు ఒకదానితో ఒకటి సరిపోవు.

గుల్లజీవుల సాక్ష్యం

సంఖ్యల అనుమానం తీరినా గుల్లల అనుమానం అంత తేలికగా తీరలేదు. శాస్త్రపరంగా ఆసక్తికరమైనదీ ఇదే.

ఫ్లాపెరాన్‌ను పట్టుకుని పెరిగినవి గూస్ బార్నకిల్స్. శాస్త్రీయ నామం లెపాస్ అనాటిఫెరా. చూడటానికి ఆల్చిప్పల్లా ఉన్నా ఇవి రొయ్యలు, పీతల కుటుంబంలోవి. తేలే కొయ్య, సీసా, పడవ అడుగు, ఏది దొరికినా డింభక దశలో దానికి అతుక్కుని అక్కడే బతుకు వెళ్లబుచ్చుతాయి. వెచ్చని నీటిలో, తిండి బాగా దొరికితే కొద్ది నెలల్లోనే రెండు మూడు సెంటీమీటర్లు పెరుగుతాయి. విమానం మాయమైన రోజు నుంచి ముక్క దొరికిన రోజు వరకు 508 రోజులు. అన్ని రోజులు నీటిలో ఉంటే గుల్లలు ఇంకా పెద్దవిగా ఉండవద్దా అని అమెరికన్ పాత్రికేయుడు జెఫ్ వైజ్ వంటివారు అడిగారు. ఎవరైనా తరువాత తెచ్చి నీటిలో వేశారా అన్నది దీని వెనక ఉన్న సందేహం.

ఈ వాదంలో ఒక లొసుగు ఉంది. గుల్ల వయసు ఆరు నెలలైతే ముక్క కనీసం ఆరు నెలలు నీటిలో ఉందని అర్థం. ఆరు నెలలే ఉందని కాదు. మీ ఇంటి గోడ మీద రావిమొక్క వయసు రెండేళ్లయితే ఇల్లు కట్టి రెండేళ్లే అయిందంటామా? గుల్లలు ఆలస్యంగా పట్టవచ్చు. ఒక తరం రాలిపోయి మరో తరం పట్టవచ్చు.

మరో చిక్కు ఇంకా గట్టిది. టూలూజ్‌లో ముక్కను నీటిలో వేసి చూస్తే దాని వెనక అంచు నీటికి పైనే నిలిచింది. ఆ అంచు మీద కూడా గుల్లలున్నాయి. ఇవి నీటి బయట బతకవు. అలలకు పలక తరచూ తిరగబడి ఉండవచ్చు, మొదట్లో ఇంకా లోతుగా మునిగి తేలి ఉండవచ్చు. ఇవి ఊహలే. ఈ ప్రశ్న పూర్తిగా తీరిందని నేను అనను. అయితే దీన్ని పట్టుకుని వరుస సంఖ్యను కొట్టివేయడం కూడా కుదరదు.

తరువాత దొరికిన ముక్కలు చాలావరకు శుభ్రంగా ఉండటం మరో అనుమానం. మొదటిదానికి అన్ని గుల్లలుంటే వీటికి ఎందుకు లేవు? దీనికి జవాబు దక్షిణాఫ్రికాలో మాసెల్ బే అనే చోట దొరికింది. 2016 మార్చిలో అక్కడ ఒక పురావస్తు శాస్త్రజ్ఞుడికి ఇంజను పైతొడుగు ముక్క కనిపించింది. దాని మీద రోల్స్ రాయిస్ గుర్తులో కొంత మిగిలి ఉంది, గుల్లలు లేవు. కానీ అదే ముక్కను 2015 డిసెంబరులో అదే తీరంలో మరొకరు ఫోటో తీసి ఉన్నారు. ఆ ఫోటోలో గుల్లలు దట్టంగా ఉన్నాయి. మూడు నెలల్లో ఎండ, ఇసుక, పక్షులు వాటిని మిగల్చలేదు.

రోజుకు ఎనిమిది కిలోమీటర్లు

ఆస్ట్రేలియాకు పడమట మునిగిన విమానం ముక్క ఆఫ్రికా పక్కన తేలడం సాధ్యమా? కాగితం తీసుకుని మీరే లెక్క వేయండి. దక్షిణ అక్షాంశం 35 డిగ్రీల దగ్గర నుంచి రీయూనియన్‌కు తిన్నగా సుమారు 4,000 కి.మీ. 508 రోజులతో భాగిస్తే రోజుకు దాదాపు 8 కి.మీ., అంటే సెకనుకు 9 సెంటీమీటర్లు. చీమ నడక కన్నా కొంచెం ఎక్కువ. దక్షిణ హిందూ మహాసముద్రంలో నీరు గడియారపు ముల్లుకు ఎదురుదిశలో పెద్ద సుడిగా తిరుగుతుంది. దాని ఉత్తరపు భాగం తూర్పు నుంచి పడమరకు సాగే ప్రవాహం. పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో పనిచేసే శ్రీలంక మూలాలున్న సముద్ర శాస్త్రజ్ఞుడు చరిత పట్టియారచ్చి, ముక్క దొరకకముందే శకలాలు పడమటి తీరాలకు చేరవచ్చని నమూనాలు వేసి చెప్పారు.

సరిగ్గా 2015 జూలైకే చేరడం కుదురుతుందా అన్నది ఇంకా సూక్ష్మమైన ప్రశ్న. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సిఎస్ఐఆర్ఓలో డేవిడ్ గ్రిఫిన్ బృందం మొదట ఫ్లాపెరాన్ నమూనాలను చేసి సముద్రంలో వదిలింది. తరువాత అసలైన 777 ఫ్లాపెరాన్‌నే సంపాదించి, రీయూనియన్ ముక్కలాగే కోసి, టాస్మేనియా దగ్గర నీటిలో వేసి చూసింది. అది నమూనాల కన్నా వేగంగా సాగింది. గాలి వీచే దిక్కుకు ఎడమగా పక్కకు జరిగింది. 2017లో ఈ ఫలితాలతో మళ్లీ లెక్కిస్తే, 35 డిగ్రీల ప్రాంతం నుంచి బయలుదేరిన ముక్క 2015 జూలైకి రీయూనియన్ చేరడంలో వింతేమీ కనిపించలేదు.

మనుషుల మీద కూడా అనుమానాలు వచ్చాయి. అమెరికా న్యాయవాది బ్లైన్ గిబ్సన్ 2016 ఫిబ్రవరిలో మొజాంబిక్ ఇసుకతిన్నె మీద, 'నో స్టెప్' అంటే ఇక్కడ కాలు పెట్టవద్దు అని రాసి ఉన్న ముక్కను కనుగొన్నాడు. తరువాత మరికొన్ని ఆయన చేతికి వచ్చాయి. ఒకే మనిషికి ఇన్నెలా దొరికాయి అన్నారు. ఎక్కడ వెతకాలో ఆయన పట్టియారచ్చిని అడిగి వెళ్లాడన్నది వాళ్లు చూడలేదు. ఆయనకు సంబంధం లేకుండా దొరికినవీ ఉన్నాయి. సెలవులకు మొజాంబిక్ వెళ్లిన దక్షిణాఫ్రికా కుర్రవాడు 2015 డిసెంబరులోనే ఒక ముక్కను ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. 'నో స్టెప్' వార్త వచ్చాకే ఆ కుటుంబం అధికారులకు చెప్పింది. రోడ్రిగ్స్ దీవిలో హోటల్లో దిగినవాళ్లకు విమానం లోపలి గది పలక దొరికింది.

2018 జూలైలో వచ్చిన మలేసియా నివేదిక 27 ముఖ్యమైన శకలాలను పేర్కొంది. వాటిలో మూడింటిని మాత్రమే ఎంహెచ్ 370వి అని నిర్ధారించింది. మిగిలినవాటిలో కొన్నింటికి దాదాపు నిశ్చయం అనీ, మరికొన్నింటికి ఎక్కువ అవకాశం ఉందనీ తరగతులు పెట్టింది. అనుమానించేవాళ్లు దీన్ని బలహీనత అంటారు. నాకు మాత్రం ఆ నివేదికలో నమ్మబుద్ధేసే భాగం ఇదే. 2015 ఆగస్టు 5న ఇటువంటి తరగతులు పెట్టి మాట్లాడి ఉంటే గొడవ సగం తగ్గేది.

ముక్క ఎవరిదో తేలాక అది ఏం చెబుతోందన్న తగాదా మిగిలింది. పెంబా ఫ్లాప్ లోపలి దెబ్బలను బట్టి, విరిగినప్పుడు ఫ్లాప్‌లు ముడుచుకునే ఉండి ఉండవచ్చని ఆస్ట్రేలియా నిపుణులు అన్నారు. కెనడాకు చెందిన మాజీ దర్యాప్తు అధికారి లారీ వాన్స్, అవి వాలి ఉన్నాయని, ఎవరో విమానాన్ని నీటి మీద దింపారని వాదించాడు. మొదటిదే నిజమైతే చివరి క్షణాల్లో విమానాన్ని దించే ప్రయత్నం జరగలేదని అనుకోవచ్చు. విమానం దొరికితే తప్ప ఈ తగాదా తీరదు. 2017 జనవరి వరకు 1,20,000 చ.కి.మీ., 2018లో మరో 1,12,000 చ.కి.మీ. పైగా సముద్రగర్భం గాలించారు. 2025లో ఓషన్ ఇన్ఫినిటీ సంస్థకు, దొరికితేనే డబ్బు అన్న షరతు మీద, మరో 15,000 చ.కి.మీ. వెతకడానికి మలేసియా అనుమతి ఇచ్చింది.

తేలే ముక్క ఒక్కటి కూడా దొరకకపోతే ఎలా ఉంటుందో మన విశాఖపట్నానికి తెలుసు. 2016 జూలై 22న చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు వెళుతూ వాయుసేన ఎఎన్-32 విమానం 29 మందితో మాయమైంది. వారిలో ఎనిమిదిమంది విశాఖ నౌకాదళ ఆయుధ డిపో ఉద్యోగులు. ఏడున్నరేళ్ల తరువాత, 2024 జనవరిలో, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మానవరహిత జలాంతర వాహనం 3,400 మీటర్ల లోతున దాని శకలాలను ఫోటో తీసిందని ప్రకటించారు. అన్నేళ్లూ ఆ ఇళ్లలో వాళ్ల చేతికి వచ్చినది ఏమీ లేదు, అనుమానించడానికైనా.

మళ్లీ రీయూనియన్ గుల్లల దగ్గరకు వస్తాను. గుల్ల పొరపొరగా పెరుగుతుంది. నీరు చల్లగా ఉన్నప్పుడు ఏర్పడిన పొరలో బరువైన ఆక్సిజన్, అంటే ఆక్సిజన్-18, కొంచెం ఎక్కువగా చేరుతుంది. కనుక పొరలను వరుసగా పరీక్షిస్తే ఆ జీవి ఏ ఉష్ణోగ్రతల నీటిలో ప్రయాణించిందో చదవవచ్చు. దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ హెర్బర్ట్ బృందం ఈ జీవులను ప్రయోగశాలలో పెంచి, ఉష్ణోగ్రతకూ పొరకూ ఉన్న సంబంధాన్ని కొలిచింది. దాన్ని ఫ్లాపెరాన్ గుల్లలకు వర్తింపజేసి 2023 ఆగస్టులో ఫలితాలు ప్రచురించింది. వాళ్లకు అందినవి చిన్న గుల్లలు. వాటితో ప్రయాణంలో చివరి భాగమే తెలిసింది. పెద్ద గుల్లలు విమానం మునిగిన కొద్ది రోజులకే పట్టి ఉండవచ్చునని, వాటి మొదటి పొరల్లో ఆ చోటి నీటి ఉష్ణోగ్రత ఉండవచ్చునని హెర్బర్ట్ అన్నారు. ఆ పెద్ద గుల్లలు అప్పటికి ఆయన బృందానికి పరీక్ష కోసం అందలేదు.